లైసెన్స్ గడువు దాటింది, నవంబర్‌లో వియత్నాం బైక్ ట్రిప్. బెంగళూరులో ఏం చేయాలి?

రెండో_గేర్
ముందు తిట్టేయండి, తర్వాత దారి చెప్పండి. నా లైసెన్స్ గడువు ఆగస్టు 9న అయిపోయింది. నాకు తెలిసింది నిన్న రాత్రి. నవంబర్‌లో నలుగురం వియత్నాం వెళ్ళి హా జియాంగ్ లూప్ (అక్కడి ఉత్తర కొండల్లో చుట్టు తిరిగొచ్చే రోడ్డు) బైకుల మీద తిరగాలని అనుకున్నాం. గ్రూపులో ఒకడు "ఐడీపీకి (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) లైసెన్స్ కాపీలు పెట్టండ్రా" అన్నాడు. పర్సులోంచి కార్డు తీసి ఫోటో కొడుతుంటే తేదీ కనపడింది.

2005లో మా ఊళ్ళో తీసుకున్న ఆంధ్రా లైసెన్స్ ఇది. అప్పుడు నాకు 21. బెంగళూరు వచ్చి 14 ఏళ్ళయింది, ఆధార్ వైట్‌ఫీల్డ్ అడ్రస్‌తోనే ఉంది, లైసెన్స్ మాత్రం ఇంకా మా నాన్న ఇంటి నంబర్ మీదే ఉంది. రెన్యువల్‌కి ఊరెళ్ళాలా, ఇక్కడే అవుతుందా? మళ్ళీ టెస్టు పెడతారా? ఇదంతా అయ్యి ఐడీపీ చేతికొచ్చేసరికి నవంబర్ దాటిపోతుందేమోనని టెన్షన్. టికెట్లు ఇంకా కొనలేదు, "రేపు కొందాం" దగ్గరే ఉన్నాం.

సిల్క్‌బోర్డ్_సన్యాసి
ఆగస్టు 9 నుంచి ఇవాళ్టి దాకా ఆఫీసుకి ఎలా వెళ్ళావ్?

రెండో_గేర్
మెట్రోలో అని చెప్పమంటావా, నిజం చెప్పమంటావా అన్నా?

సిల్క్‌బోర్డ్_సన్యాసి
అర్థమైంది. నాన్నా, ఆ బండి కవర్ కప్పి పక్కన పెట్టు.

బుల్లెట్_బాబాయి
తిట్లు తర్వాత. గడువు తీరిన రోజు నుంచి ఏడాది లోపు అప్లై చేస్తే మళ్ళీ టెస్టు లేదు. ఏడాది దాటితే మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు మళ్ళీ ఎనిమిది తిప్పాలి. 2019లో చట్టం సవరించినప్పుడు అలా మార్చారు. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకునే వీలు కూడా అప్పుడే ఇచ్చారు. అది ఎవరూ వాడుకోరు, వాడుకుని ఉంటే నువ్వు ఇవాళ ఇక్కడ ఉండవు.

ఒక చెడ్డ సంగతి కూడా ఉంది. పాత చట్టంలో గడువు అయిపోయాక ఇంకో 30 రోజులు లైసెన్స్ చెల్లేది. ఆ సవరణలోనే దాన్ని తీసేశారు. అంటే ఆగస్టు 10 పొద్దున్నుంచి నువ్వు లైసెన్స్ లేకుండా తిరుగుతున్నట్టే లెక్క. ఈలోపు ఎవరినైనా గుద్దితే, లేదా నిన్నే ఎవడైనా గుద్దితే, ఇన్సూరెన్స్ వాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ తేదీయే. సన్యాసి చెప్పింది జోకనుకోకు.

ఊరెళ్ళక్కర్లేదు. సారథి పోర్టల్‌లో (లైసెన్స్ పనులకి కేంద్రం సైటు) రాష్ట్రం దగ్గర కర్ణాటక ఎంచుకుని అడ్రస్ మార్పు, రెన్యువల్ రెండూ ఒకే అప్లికేషన్‌లో పెట్టు. ఆధార్ ఇక్కడి అడ్రస్‌తో ఉంది కాబట్టి సగం గొడవ తప్పింది. నీకు 40 దాటింది, అందుకని ఫారం 1ఏ కావాలి. అంటే డాక్టర్ సర్టిఫికెట్. సంతకం కింద ముద్ర, రిజిస్ట్రేషన్ నంబర్ రెండూ ఉన్నాయో లేదో చూసుకుని బయటికి రా. నంబర్ లేదని నన్ను వెనక్కి పంపారు. ఈసారి నీకు 10 ఏళ్ళకి ఇస్తారు. 30 నుంచి 50 మధ్య వాళ్ళకి అంతే. నాకు 57, నాకు ఐదేళ్ళే ఇచ్చారు. పెద్దవాళ్ళంటే ప్రభుత్వానికి నమ్మకం లేదు.

కాకినాడ_కాజా
బాబాయ్ మీ బుల్లెట్ శబ్దం విన్నాక ఐదేళ్ళు కూడా ఎక్కువే అనుంటారు 😄

టైమే_డబ్బు
ఇంత చదివి తల పట్టుకోవడం ఎందుకు బ్రో, ఏజెంట్‌కి ఇచ్చేయ్. నాకు మూడు వేలు తీసుకున్నాడు, ఫోటో రోజు ఒక్కసారి వెళ్ళొచ్చా.

చిల్లర_లెక్క
రెన్యువల్ ఫీజు 200, కార్డుకి ఇంకో 200. ఆలస్యం అయితే 300, దాని మీద ఆలస్యమైన ఒక్కో ఏడాదికి, ఏడాదిలో ముక్కకైనా సరే, 1,000 అదనం. మిగిలిందంతా మీ ఏజెంట్ గారి పిల్లల స్కూలు ఫీజు. ఫోటోకి, వేలిముద్రకి ఎలాగూ మనమే వెళ్ళాలి కదా, మరి అతను చేసింది ఏంటి?

టైమే_డబ్బు
లైన్‌లో నా చోట నిలబడ్డాడు. నా గంట విలువ నాకు తెలుసు.

చిల్లర_లెక్క
పని మధ్యలో ఈ ఫోరంలో నలభై పోస్టులు రాస్తావు, నీ గంట విలువ మాకూ తెలుసు.

మ్యాపుల_మాస్టారు
మీరంతా రెన్యువల్ గురించి కొట్టుకుంటున్నారు, అసలు గుంత ముందుంది. రెండో_గేర్ గారూ, మన ఐడీపీ వియత్నాంలో చెల్లదు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లకి ప్రధానంగా రెండు ఒప్పందాలున్నాయి. ఒకటి 1949 జెనీవాది, రెండోది 1968 వియన్నాది. భారత్ మొదటిదాంట్లో ఉంది, రెండోదాంట్లో లేదు. మన ఆర్టీవోలు ఇచ్చేది 1949 పర్మిట్. వియత్నాం 2014లో 1968 ఒప్పందంలో చేరింది, 1949 దాంట్లో లేదు. వాళ్ళు గుర్తించేది 1968 పర్మిట్‌నే. కాబట్టి మీరు ఎంత కష్టపడి ఐడీపీ తెచ్చుకున్నా హా జియాంగ్‌లో అది మంచి బైండింగ్ ఉన్న నోట్‌బుక్ మాత్రమే.

రెండో_గేర్
మాస్టారూ, పొద్దున్నే ఇలాంటివి చెప్పకూడదు.

కాకినాడ_కాజా
మాస్టారు పుస్తకాల్లో చూసి చెప్తారు. మా పెద్దమ్మ కొడుకు పోయినేడు ఆ లూప్ మొత్తం తిరిగాడు, అక్కడి "మా పీ లెంగ్" అనే కనుమ ఫోటోలు ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాడు. మన ఐడీపీయే పట్టుకెళ్ళాడు. అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్ట్ చూసి తాళం ఇచ్చేశాడట.

మ్యాపుల_మాస్టారు
అద్దెకిచ్చేవాడికి కావలసింది అద్దె. అతను తాళం ఇచ్చాడంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు. మీ అన్నయ్యని దారిలో పోలీసులు ఆపలేదా?

కాకినాడ_కాజా
ఇప్పుడే ఫోన్ చేశా. ఆపారట. "మాట్లాడుకున్నాం" అంటున్నాడు. ఎంతకి మాట్లాడుకున్నాడో చెప్పట్లేదు. సరే మాస్టారూ, మీరే గెలిచారు.

హనోయ్_రిటర్న్
మాస్టారు కరెక్ట్. 2025 జనవరి నుంచి అక్కడ కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది, జరిమానాలు బాగా పెంచారు. ఇదివరకటి కథలు నమ్ముకుని వెళ్ళొద్దు. నేను చేసింది చెప్తా. అక్కడ ఈజీ రైడర్ అని ఉంటుంది, లోకల్ వాళ్ళు బండి నడుపుతారు, మనం వెనక కూర్చోవడం. లూప్ 350 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మూడు రాత్రులు నాలుగు పగళ్ళు పట్టింది నాకు. ఆ కనుమ దగ్గర కింద నది, పక్కన అంచు, ఎదురుగా లారీ. వెనక కూర్చున్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నా. లేదంటే 50 సీసీ లోపు బండ్లకి అక్కడ లైసెన్స్ అక్కర్లేదు. ఆ కొండలకి 50 సీసీ అంటే మీరు బండిని మోసుకెళ్ళాలి.

రెండో_గేర్
వెనక కూర్చోడానికి అంత దూరం వెళ్ళాలా? మా ఆవిడ యాక్టివా వెనక రోజూ కూర్చుంటూనే ఉన్నా, ఆగస్టు 9 సంగతి బయటపడ్డాక.

హెల్మెట్_లక్ష్మి
మీ ఆవిడకి నా తరఫున ఒక సల్యూట్.

సరే, వియత్నాం పోతే థాయ్‌లాండ్ అంటారు, నాకు తెలుసు, అందుకే ఇది రాస్తున్నా. థాయ్‌లాండ్‌లో మన ఐడీపీ చెల్లుతుంది. కానీ ఐడీపీ ఉంటే సరిపోదు, దాని లోపల ఏ పేజీ మీద ముద్ర పడిందో చూడాలి. మా ఇంటి కథ చెప్తా.

2023లో మేమిద్దరం చియాంగ్ మాయ్ వెళ్ళాం. మా ఆయన లైసెన్స్‌లో కారు ఉంది, గేర్ల బైకూ ఉంది. ఐడీపీలో వాహనాల వర్గాలు ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉంటాయి. ఏ అంటే మోటార్ సైకిల్, బీ అంటే కారు. ఆయనకి బీ ఎదురుగా మాత్రమే ముద్ర కొట్టారు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు, ఆ ఊసు వదిలేయండి. మేం చూసుకోలేదు, అది మా తప్పు. ఐడీపీ రాగానే ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాం, ఆ ఫోటోలో కూడా ముద్ర బీ దగ్గరే స్పష్టంగా ఉంది, 60 మంది చూశారు, ఒక్కరూ చెప్పలేదు.

చియాంగ్ మాయ్ నుంచి పాయ్ వెళ్ళే రోడ్డుకి 762 మలుపులని చెప్తారు, అక్కడ టీషర్టుల మీద కూడా అదే నంబర్. మలుపులు మాకేం చేయలేదు. పాయ్ దాకా హాయిగా వెళ్ళాం. పాయ్ ఊళ్ళో, చదునైన రోడ్డు మీద, గంటకి ముప్పైలో వెళ్తుంటే కుక్క అడ్డమొచ్చింది. ఈయన ముందు బ్రేకు పట్టేశారు. నాకు మోకాలు గీసుకుపోయింది, ఆయనకి కాలర్ బోన్ విరిగింది. వెనక్కి చియాంగ్ మాయ్‌కి అంబులెన్స్, అదే 762 మలుపులు, ప్రతి మలుపుకీ ఆయన కేక. ఆపరేషన్, ప్లేటు, ఐదు రోజులు. మన డబ్బుల్లో 3 లక్షల 80 వేలు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. వాళ్ళు అన్నీ అడిగి చివర్లో ఐడీపీ కాపీ అడిగారు. పంపాం. వారానికి జవాబు: ప్రమాదం జరిగిన తరగతి వాహనం నడిపే అనుమతి లేదు, క్లెయిమ్ కుదరదు. ఆయన భారతీయ లైసెన్స్‌లో బైక్ ఉందని రాశాం, మెయిల్ మీద మెయిల్. అక్కడ చెల్లేది ఈ పర్మిట్, దీంట్లో ఏ లేదు అన్నారు. ఆ డబ్బు మా అమ్మాయి కోసం దాచిన ఎఫ్డీ పగలగొట్టి కట్టాం.

కాబట్టి ఐడీపీ తీసుకున్నప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి, ఏ ఎదురుగా ముద్ర ఉందా లేదా చూసుకోండి. వెనకవాళ్ళు తోస్తున్నా కదలొద్దు. పాలసీలో బైక్‌కి సీసీ పరిమితి పెట్టారేమో అదీ చదువుకోండి, కొన్నిటిలో ఉంటుంది.

సిల్క్‌బోర్డ్_సన్యాసి
అక్కా, ఆయన ఇప్పుడు బాగున్నారా?

హెల్మెట్_లక్ష్మి
బాగున్నారు తమ్ముడూ. చేయి పైకెత్తితే టక్‌మంటుంది. కుక్కకి ఏమీ కాలేదు, అది ఆసుపత్రి బండి దాకా వచ్చి చూసి వెళ్ళింది.

టైమే_డబ్బు
సిగ్గుతో ఒకటి ఒప్పుకుంటా. నేను ఆన్‌లైన్‌లో "ఇంటర్నేషనల్ లైసెన్స్, మూడేళ్ళ వ్యాలిడిటీ" అని ఒక సైట్‌లో 49 డాలర్లు కట్టి తెప్పించుకున్నా. బ్యాంకాక్‌లో బైక్ షాపువాడు దాన్ని తిరగేసి, మడిచి, నవ్వి, తిరిగి నా జేబులోనే పెట్టాడు.

మ్యాపుల_మాస్టారు
మూడేళ్ళు అనగానే అనుమానం రావాలి. 1949 పర్మిట్ ఏడాదికే ఇస్తారు, అసలు లైసెన్స్ గడువు అంతకంటే ముందు అయిపోతే అక్కడికే. ప్రభుత్వ ఫీజు 1,000 రూపాయలు. అది స్వతంత్రంగా లైసెన్స్ కూడా కాదు, మన లైసెన్స్‌కి పలు భాషల్లో అనువాదం లాంటిది. అందుకే అసలు కార్డు పక్కన ఉంటేనే దానికి విలువ. 2022 ఆగస్టులో దేశమంతటికీ ఒకే నమూనా ఖరారు చేశారు, క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు. అప్పటిదాకా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో సైజు, ఒక్కో రంగు.

చిల్లర_లెక్క
49 డాలర్లు. నాలుగు వేలకి పైన. ఏజెంట్ మూడు వేలు. టైమే_డబ్బు గారూ, మీ పేరు మార్చుకోండి.

డ్యూటీఫ్రీ_దుర్గ
దుబాయ్ నుంచి. ఇక్కడ విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళకే మన లైసెన్స్, ఐడీపీ పనికొస్తాయి. రెసిడెన్స్ వీసా పడ్డ రోజు నుంచి ఆ రెండూ అల్మారాలోకే, లోకల్ లైసెన్స్ తీసుకోవాలి. మా తమ్ముడు ఇది తెలియక రెండు నెలలు కారు నడిపాడు. ఏ దేశంలోనైనా టూరిస్టుకి ఒక రూలు, ఉండేవాళ్ళకి ఒక రూలు, అది చూసుకోవాలి.

కొలోన్_కోడలు
జర్మనీలోనూ అంతే. వచ్చి ఉండేవాళ్ళకి మన లైసెన్స్ ఆరు నెలలే. తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష మొదటినుంచి. బెంగళూరులో పన్నెండేళ్ళు నడిపానని ఇక్కడి డ్రైవింగ్ మాస్టారికి గొప్పగా చెప్పా. "అవి మర్చిపోవడానికే ఈ క్లాసులు" అన్నాడు.

పాత_స్ప్లెండర్
ఐడీపీ, ఒప్పందాలు ఏమీ వద్దు, సొంత బండి మీదే విదేశం వెళ్ళాలంటే భూటాన్ ఉంది. మన లైసెన్సే చాలు. నేను స్ప్లెండర్ మీదే వెళ్ళా, నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

బండిని యశ్వంత్‌పూర్‌లో రైలెక్కించా. పెట్రోల్ మొత్తం తీయించి, గోనెపట్టా చుట్టి పార్సిల్ చేస్తారు. న్యూ జల్‌పాయ్‌గురిలో దించుకుంటే అక్కడి నుంచి జైగావ్, గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. మనుషులకి ఎంట్రీ పర్మిట్ వేరు, బండికి అక్కడి రవాణా సంస్థ ఇచ్చే పర్మిట్ వేరు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం ఒరిజినల్స్ ఉండాలి. భారతీయులకి రాత్రికి 1,200 రూపాయల రుసుం, 2022 సెప్టెంబర్ నుంచి ఉంది. నలుగురు వారం ఉంటే ఎంతో చిల్లర_లెక్క చెప్తాడు.

అక్కడ ఎవరూ హారన్ కొట్టరు. థింపూలో ట్రాఫిక్ లైటే లేదు, ఒక పోలీసాయన తెల్ల చేతి తొడుగులేసుకుని నాట్యం చేసినట్టు చేతులు తిప్పుతాడు. రెండు రోజులు అలా ఉండి బెంగళూరు వచ్చి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్‌లో నిలబడితే ఏడుపొచ్చింది.

చిల్లర_లెక్క
ఏడు రాత్రులు, నలుగురు, 33,600.

రెండో_గేర్
గ్రూపులో ఓటింగ్ పెట్టా. వియత్నాంకి సున్నా. (హనోయ్_రిటర్న్ గారూ, మన్నించాలి, లారీ మాట చదివి ఒకడు గ్రూపులోంచే వెళ్ళిపోయాడు. ఇప్పుడు ముగ్గురం.) భూటాన్‌కి ఒకటి, థాయ్‌లాండ్‌కి రెండు. నవంబర్ చివర మే హాంగ్ సాన్ లూప్, అంటే చియాంగ్ మాయ్ నుంచి పాయ్ మీదుగా చుట్టు తిరిగొచ్చే కొండ రోడ్డు.

లైసెన్స్ సంగతి. సారథిలో నంబర్ కొడితే "రికార్డు లేదు" అని వస్తోంది. నాలుగు రకాలుగా కొట్టా. ఇక్కడి ఆర్టీవోకి వెళ్తే కౌంటర్‌లో ఆయన "సర్వర్ ఇల్ల, నాళె బన్ని" (సర్వర్ లేదు, రేపు రండి) అన్నారు. మర్నాడు వెళ్ళా, మళ్ళీ "నాళె బన్ని".

సిల్క్‌బోర్డ్_సన్యాసి
బెంగళూరులో తొంభైల్లో దెయ్యం భయానికి తలుపుల మీద "నాళె బా" అని రాసుకునేవాళ్ళు. మనవైపు గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అన్నట్టే. దెయ్యం రోజూ వచ్చి, చదివి, వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆ దెయ్యం నువ్వే.

కాకినాడ_కాజా
😂😂 దెయ్యానికి కూడా టోకెన్ నంబర్ ఇవ్వాలి.

బుల్లెట్_బాబాయి
రికార్డు లేదంటే నీ పాత లైసెన్స్ ఇంకా సారథిలోకి ఎక్కలేదు. దాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు, మొదట లైసెన్స్ ఇచ్చిన ఆఫీసే చేయాలి. ఇక్కడివాళ్ళు చేయలేరు, ఆ మాట నీకు చెప్పే ఓపిక వాళ్ళకి లేదు, అందుకే నాళె. ఒరిజినల్ కార్డు పట్టుకుని మీ ఊరెళ్ళు. ఏ ఊరు?

రెండో_గేర్
పేరు చెప్పను బాబాయ్, ఆ ఆఫీసులో మా బంధువులున్నారు.

పాత_స్ప్లెండర్
దారిలో ములబాగిలు తగులుతుందా? తగిలితే దోసె తినకుండా రావద్దు.

రెండో_గేర్
చెప్పను అన్నాగా.

ఓరుగల్లు_ఓడోమీటర్
మీరు ఆంధ్రా వాళ్ళు, అదృష్టవంతులు. మా తెలంగాణ చాలా ఏళ్ళు సారథిలో చేరనే లేదు, దానికి వేరే పోర్టల్. నేను బెంగళూరు అడ్రస్‌కి మార్చుకున్నప్పుడు వరంగల్‌కి, ఇక్కడికి మధ్య మూడుసార్లు తిరిగా. ఆ మూడు ప్రయాణాల కిలోమీటర్లతో మే హాంగ్ సాన్ లూప్ ఎన్నిసార్లు తిరగొచ్చో.

రెండో_గేర్
(పది రోజుల తర్వాత)
దోసె తిన్నా. బ్యాక్‌లాగ్ ఎంట్రీ అయింది. ఆ రోజే ఫోన్‌లో సారథి తెరిచి చూశా, లక్ష్మి గారి పోస్టు బుర్రలో తిరుగుతోంది కాబట్టి వాహన తరగతి దగ్గరికే ముందు వెళ్ళా. కారు ఒక్కటే ఉంది. 2005 కార్డులో కారు, గేర్ల బైక్ రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఎంట్రీ కొట్టినప్పుడు ఒక గడి వదిలేశారు.

అప్పటికే బస్టాండ్‌లో ఉన్నా. దిగి మళ్ళీ ఆటో ఎక్కి వెళ్ళా. లంచ్ టైం. గంటన్నర కూర్చున్నా. కార్డు చూపిస్తే మారు మాట్లాడకుండా సరిచేశారు, రెండు నిమిషాల పని. చూడకుండా బెంగళూరు వచ్చేసి, కొత్త కార్డు పోస్టులో వచ్చి, దాంట్లో బైక్ లేకపోతే ఏం చేసేవాణ్ణో తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి. లక్ష్మి గారూ, మీకు బాకీ ఉన్నా.

హెల్మెట్_లక్ష్మి
బాకీ ఏం లేదు. హెల్మెట్ పట్టీ పెట్టుకోండి చాలు. అక్కడ చాలామంది నెత్తిన బోర్లించుకుని వెళ్తారు.

బుల్లెట్_బాబాయి
శభాష్. ఇప్పుడు ఇక్కడ అడ్రస్ మార్పు, రెన్యువల్ పెట్టేయ్. స్లాట్ రోజు పాత కార్డు ఒరిజినల్, ఫారం 1ఏ ఒరిజినల్ మర్చిపోకు. కొత్త కార్డు చేతికొచ్చాకే ఐడీపీకి వెళ్ళు, గడువు అయిపోయిన లైసెన్స్ మీద ఐడీపీ ఇవ్వరు.

రెండో_గేర్
కొత్త కార్డు వచ్చింది. 10 ఏళ్ళు. ఫోటోలో నేను దొంగలా ఉన్నా, అది వేరే సంగతి.

ఐడీపీ దగ్గర కొత్త మెలిక. ఫారం 4ఏ (ఐడీపీ అప్లికేషన్), పాస్‌పోర్ట్, టికెట్లు అన్నీ ఇచ్చా. వీసా కాపీ ఏదీ అన్నారు. థాయ్‌లాండ్‌కి మనకి వీసా అక్కర్లేదు సార్ అన్నా. వీసా లేకుండా విదేశం ఎలా వెళ్తావు అన్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

మ్యాపుల_మాస్టారు
2021 జనవరి 7న కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశంలో ఉండగా ఐడీపీ గడువు తీరితే అక్కడి మన ఎంబసీ ద్వారా రెన్యువల్‌కి పెట్టుకోవచ్చన్నది అందులోదే. వీసా, మెడికల్ సర్టిఫికెట్ షరతులు తీసేసింది కూడా అందులోనే. కొన్ని దేశాలు దిగాకే వీసా ఇస్తాయి కాబట్టి ముందే అడగడం కుదరదని. దాన్ని ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. వాదించొద్దు, కాగితం ముందు పెట్టి మౌనంగా నిలబడండి. నోటి మాట కన్నా ప్రింట్‌కి గౌరవం ఎక్కువ.

చిల్లర_లెక్క
కలర్ ప్రింట్ తీసుకో, ఇంకా గౌరవం. పేజీకి పది రూపాయలు.

టైమే_డబ్బు
ఏజెంట్ నంబర్ కావాలంటే ఇస్తా, చెప్తున్నా అంతే.

రెండో_గేర్
ప్రింట్ పనిచేసింది. ఆయన రెండుసార్లు చదివి లోపలికి తీసుకెళ్ళి, పావుగంటకి వచ్చి, "ఇదరదు ఒందు కాపీ కొడి, నమ్మ హత్ర ఇర్లి" అన్నారు. వాళ్ళ దగ్గరే ఉండనీ అని ఒక కాపీ ఉంచుకున్నారు. నాలుగో రోజు ఐడీపీ ఇచ్చారు. కౌంటర్ దగ్గరే విప్పి చూశా. ఏ ఎదురుగా ముద్ర ఉంది, బీ ఎదురుగా ఉంది. వెనకాయన "ఏను సార్, నోట్లు లెక్కపెడుతున్నారా" అన్నాడు కన్నడ తెలుగు కలిపి. కదల్లేదు.

డ్యూటీఫ్రీ_దుర్గ
అసలు లైసెన్స్ కార్డు కూడా పెట్టుకోండి బ్యాగులో. డిజీలాకర్ ఉంది కదా అనుకుంటారు. అది మన ట్రాఫిక్ పోలీసుకి చూపించడానికి. బయట ఫోన్ చూపిస్తే పిచ్చోడిలా చూస్తారు.

రెండో_గేర్
(డిసెంబర్)
వచ్చేశాం, ముగ్గురం, ఎముకలన్నీ యథాతథంగా. పాయ్‌లో కుక్కలకి దారిచ్చి ఆగి మరీ వెళ్ళాం. చియాంగ్ మాయ్ దాటాక పోలీసు చెకింగ్ ఒకటి. ముందున్న తెల్లవాళ్ళ జంటని పక్కకి తీశారు, మా వంతు వచ్చింది. ఐడీపీ అడిగాడు, నేరుగా వాహన వర్గాల పేజీకే వెళ్ళాడు, ఏ మీద వేలు పెట్టి చూశాడు, లైసెన్స్ కార్డు అడిగాడు, పేరు సరిపోల్చాడు, పొమ్మన్నాడు. అర నిమిషం. మూడు నెలల పరుగు ఆ అర నిమిషం కోసమే.

కొండల మీద అడవి పొద్దుతిరుగుళ్ళు పూసే కాలం, పసుపు తప్ప ఏమీ కనపడదు. ఆ లూప్‌లో మొత్తం 1,864 మలుపులని చెప్తారు. లెక్కపెట్టలేదు. మే హాంగ్ సాన్ ఊళ్ళో ఆ మలుపులన్నీ తిరిగినట్టు మన పేరు రాసి సర్టిఫికెట్ ఇస్తారు. ఐదు నిమిషాల్లో ఇచ్చారు.

బుల్లెట్_బాబాయి
ఫారం 1ఏ అడగలేదా?

రెండో_గేర్
వయసు కూడా అడగలేదు బాబాయ్.